చిట్టీ నిజామాబాద్‌ది, షాపు ధర్మాబాద్‌ది: నియంత్రిత మందుల చట్టం అసలేం చెబుతుంది

నిజామాబాద్ డాక్టర్ రాసిన చిట్టీ మీద మహారాష్ట్రలో మందు ఇవ్వొచ్చా? నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు మెడికల్ షాపుల్లో ఈ ప్రశ్న తరచూ వస్తుంది. 1956 దాకా నాందేడ్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోదే. రాష్ట్రాలు విడిపోయినా చుట్టరికాలు విడిపోలేదు. ఇక్కడి తెలుగు కుటుంబాలు పెద్ద డాక్టర్ కోసం రైలెక్కి బాసర మీదుగా నిజామాబాద్ వెళ్తాయి, తిరిగొచ్చాక మందులు తమ ఊరి షాపులోనే అడుగుతాయి. బీపీ గోలీకో షుగర్ గోలీకో ఎవరూ అభ్యంతరం చెప్పరు. అదే చిట్టీలో నిద్రమాత్ర ఆల్ప్రజోలం, మూర్ఛ మందు క్లోబజామ్, నొప్పి మందు ట్రమడాల్ లాంటి పేరు కనిపిస్తే మాత్రం కౌంటర్ అవతల టెన్షన్ మొదలవుతుంది. "వేరే రాష్ట్రం చిట్టీ, ఇవ్వం" అని తిప్పి పంపేవాళ్లున్నారు. చిట్టీ ఊసే లేకుండా గోలీల షీట్ తీసి చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు.

ఈ రెండిటిలో ఏదీ చట్టం చెప్పింది కాదు. చట్టం ఈ మందులను ఇవ్వొద్దనదు, లెక్కతో ఇవ్వమంటుంది. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఎన్ని ఇచ్చాం అన్న మూడు ప్రశ్నలకు ప్రతి షీట్ వెనకా జవాబు ఉండాలన్నదే దాని పట్టుదల. మందుల కౌంటర్ వెనక నిలబడి పనిచేసేవాడిగా నాకు రోజూ కనిపించేదేమిటంటే, భయపడి తిప్పి పంపేవాడూ ఆలోచించకుండా అమ్మేవాడూ చేసే తప్పు ఒకటే. ఇద్దరూ చిట్టీ చదవరు.

ముందు సరిహద్దు సంగతి తేల్చుకుందాం. మందుల అమ్మకాన్ని నడిపే చట్టాలన్నీ కేంద్రానివే. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945లో వచ్చిన రూల్స్, 1948 నాటి ఫార్మసీ చట్టం, మత్తు పదార్థాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం, ఇవన్నీ గోదావరికి అటూ ఇటూ ఒకేలా వర్తిస్తాయి. మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన డాక్టర్ సరిగ్గా రాసిన చిట్టీ ఏ రాష్ట్రంలో రాసినా చెల్లుతుంది. "వేరే రాష్ట్రం" అన్న ఒక్క కారణంతో నిరాకరించమని ఏ రూలూ చెప్పదు. రాష్ట్రాలవారీగా మారేది అమలు చేసే యంత్రాంగం. ఇటువైపు షాపుకు లైసెన్స్ ఇచ్చేది, తనిఖీ చేసేది మహారాష్ట్ర ఎఫ్‌డీఏ (ఫుడ్ అండ్ డ్రగ్ అడ్మినిస్ట్రేషన్). అటువైపు తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్. ధర్మాబాద్‌లో కూర్చునే ఫార్మసిస్ట్ పేరు మహారాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉండాలి. అంతే తేడా.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టర్ చిట్టీ మీద మందు ఇచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్టే చేయాలి. గోడకు ఆయన సర్టిఫికెట్ వేలాడితే చాలదు, మనిషి ఉండాలి. సర్టిఫికెట్ అద్దెకిచ్చి వేరే ఊళ్లో వేరే పని చేసుకునే అలవాటు ఈ వృత్తికి పట్టిన చీడ. దాని ఫలితం ఎక్కడో కాదు, ఈ నియంత్రిత మందుల దగ్గరే కనిపిస్తుంది. సాయంత్రం రద్దీలో కౌంటర్ మీదున్న కుర్రాడికి ఏ షీట్ మీద ఏ గుర్తుందో, ఆ గుర్తుకు అర్థమేమిటో ఎవరూ చెప్పి ఉండరు.

షీట్ మీద ఏముంటుంది

ఆల్ప్రజోలం 0.5 మిల్లీగ్రాముల షీట్ ఒకటి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పండి. పైన ఎడమవైపు మూలలో ఎర్ర అక్షరాలతో ఎన్‌ఆర్‌ఎక్స్ అని ఉంటుంది. మామూలు ప్రిస్క్రిప్షన్ మందు మీద ఆర్‌ఎక్స్ మాత్రమే ఉంటుంది. ముందు చేరిన ఆ 'ఎన్' ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే మందు అని చెబుతుంది. దాని పక్కనే ఎర్ర గీతల పెట్టెలో షెడ్యూల్ హెచ్1 హెచ్చరిక ఉంటుంది. షెడ్యూల్ అంటే 1945 రూల్స్‌లోని మందుల జాబితా. డాక్టర్ సలహా లేకుండా వాడితే ప్రమాదమని, చిట్టీ లేకుండా చిల్లరగా అమ్మకూడదని దాని సారాంశం. మరికొన్ని మందుల మీద ఎక్స్‌ఆర్‌ఎక్స్ ఉంటుంది. అవి షెడ్యూల్ ఎక్స్ మందులు.

షెడ్యూల్‌ను బట్టి లెక్కలూ మూడు రకాలు. షెడ్యూల్ హెచ్ మందుకు చిట్టీ, బిల్లు ఉండాలి. షెడ్యూల్ హెచ్1 అయితే వీటికి తోడు విడిగా ఒక రిజిస్టర్ పెట్టి డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన సంఖ్య రాయాలి. ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు దాచి, ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు చూపించాలి. 2013 ఆగస్టులో ప్రకటించి 2014 మార్చి 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఈ జాబితాలో మొదట 46 మందులున్నాయి. నిద్రమాత్రలు, ట్రమడాల్, కోడీన్‌తో పాటు టీబీ మందులూ, పై తరగతి యాంటీబయాటిక్సూ అందులో ఉన్నాయి. కాబట్టి హెచ్1 రిజిస్టర్ అంటే మత్తుమందుల చిట్టా అని జంకాల్సిన పని లేదు, టీబీ రోగి పేరూ అందులోనే ఉంటుంది. షెడ్యూల్ ఎక్స్ ఇంకా కఠినం. దానికి షాపుకు 20ఎఫ్ అనే వేరే లైసెన్స్ కావాలి, చిట్టీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒకటి షాపులో రెండేళ్లు ఉంచుకోవాలి, మందును తాళం వేసి పెట్టాలి. ఆపరేషన్‌లో మత్తుకిచ్చే కెటమిన్, చురుకు అదుపు తప్పిన పిల్లలకు ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ ఇందులోవి. చిన్న ఊళ్లలో చాలా షాపులకు ఆ లైసెన్స్ ఉండదు. అక్కడ "మా దగ్గర లేదు" అనడం తప్పించుకోవడం కాదు, వాళ్లకు అమ్మే హక్కు లేదు.

చిట్టీ ఎలా ఉండాలో 1945 రూల్స్‌లోని 65వ రూల్ వివరంగా చెబుతుంది. రాతపూర్వకంగా ఉండాలి, డాక్టర్ సంతకం, తేదీ ఉండాలి, రోగి పేరు, చిరునామా ఉండాలి, ఎంత మోతాదు, మొత్తం ఎంత మందు అన్నది ఉండాలి. ఆచరణలో ఎక్కువగా లోపించేది ఈ చివరిదే. మందు పేరు రాసి "రాత్రి ఒకటి" అని వదిలేస్తారు. ఎన్ని రోజులకో ఉండదు. మామూలు మందుకు నెట్టుకురావొచ్చు గానీ ఎన్‌ఆర్‌ఎక్స్ మందుకు అది కుదరదు. సంఖ్య లేని చోట షాపువాడు సొంతంగా ఊహించి ఇస్తే, రేపు లెక్క అడిగినప్పుడు ఆ ఊహకు ఆధారం ఉండదు. డాక్టర్‌కు ఫోన్ చేసి అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ ఫోన్ చిట్టీ మీదున్న మొబైల్‌కు కాకుండా ఆసుపత్రి నంబర్‌కు చేయడం మేలు. దొంగ చిట్టీ తయారుచేసేవాడు దాని మీద తన దోస్తు నంబరే వేసుకుంటాడు. 10 పక్కన ఇంకో సున్నా చేరినట్టున్నా, ఒక్క మందు పేరు మాత్రం వేరే సిరాతో ఉన్నా ఆగి చూడాలి.

అదే రూల్‌లో ఎవరూ పట్టించుకోని ఒక షరతుంది. మందు ఇచ్చాక డాక్టర్ సంతకానికి పైన షాపు పేరు, చిరునామా, ఇచ్చిన తేదీ రాయాలి. చాలామంది దీన్ని వృథా చాకిరీ అనుకుంటారు. నిజానికి ఈ సరిహద్దులో మనకున్న గొప్ప రక్షణ ఇదే. మళ్లీ ఇవ్వొచ్చని డాక్టర్ రాయని చిట్టీ మీద ఒక్కసారే ఇవ్వాలని చట్టం. ఆ రాత, అంటే షాపు ముద్ర, లేకపోతే అదే కాగితం పొద్దున బాసరలో, మధ్యాహ్నం ధర్మాబాద్‌లో, సాయంత్రం ఉమ్రిలో పనిచేస్తుంది. ఒక్క రైలు దారిలో మూడు చోట్ల మూడు షీట్లు! రెండు రాష్ట్రాల అధికారుల రిజిస్టర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, ఆ కాగితం మీది ముద్ర ఒక్కటే మాట్లాడుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి ఎన్‌ఆర్‌ఎక్స్ మందు ఇవ్వకూడదనడానికి నాకున్న మొదటి కారణం కూడా ఇదే. ఫోన్ తెర మీద ముద్ర వేయలేం. దానికి తోడు 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం షెడ్యూల్ ఎక్స్, ఎన్‌డీపీఎస్ జాబితాల్లోని మందులను డాక్టర్ ఫోన్ మీద చూసి రాయకూడదు. తర్వాత వచ్చిన ఒకటి రెండు సడలింపులు మినహాయిస్తే ఆ నిషేధం అలాగే ఉంది.

ఎవరు రాసిన చిట్టీ చెల్లుతుంది

ఊళ్లో మనం ఆర్‌ఎంపీ అని పిలిచే పెద్దమనిషి రాసిన చిట్టీ చెల్లదు. ఆయన మంచివాడే కావొచ్చు, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు కావొచ్చు. మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లకు ఈ మందులు రాసే అధికారం లేదు. మందు పేరు తెల్లకాగితం మీద రాసి "నా పేరు చెప్పు, ఇస్తారు" అని పంపితే, ఆ ఇచ్చిన షాపు చిట్టీ లేకుండా అమ్మినట్టే లెక్క.

చిక్కు ముడి పడేది ఆయుర్వేద డాక్టర్ల దగ్గర. సరిహద్దు నిజంగా అడ్డొచ్చే చోటు కూడా ఇదొక్కటే. కొన్ని అల్లోపతి మందులు రాసేందుకు ఆయుర్వేద పట్టభద్రులకు మహారాష్ట్ర తన చట్టం ద్వారా వీలు కల్పించింది. 1998లో ముఖ్తియార్ చంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు రాష్ట్ర చట్టం ఇచ్చిన చోటే ఉంటుందని తేల్చింది. అంటే బిలోలిలో బీఏఎంఎస్ డాక్టర్ రాసిన చిట్టీని బోధన్ షాపువాడు పక్కన పెడితే అది మొండితనం కాదు, అతని సందేహానికి చట్టంలో ఆధారం ఉంది. నా అభిప్రాయం ఇంకాస్త ముందుకు పోతుంది. నిద్రమాత్రలు, మూర్ఛ మందులు, నల్లమందు జాతి నొప్పి మందులు నెలల తరబడి వాడాల్సిన రోగి ఎవరైనా, ఏ రాష్ట్రంవాళ్లైనా, ఎంబీబీఎస్ లేదా ఆపై చదివిన డాక్టర్ దగ్గర చిట్టీ రాయించుకోవడం మంచిది. సగం దారిలో మందు ఆగిపోయే ప్రమాదం అప్పుడుండదు.

ఆగిపోతే ఏమవుతుందో క్లోబజామ్ విషయంలో చూడండి. ఇది మూర్ఛ మందు, ఎన్‌డీపీఎస్ జాబితాలోనూ ఉంది. రోజూ వేసుకునే పిల్లవాడికి "వేరే రాష్ట్రం చిట్టీ" అని రెండు మూడు రోజులు మందు దొరక్కపోతే ఫిట్స్ తిరగబెట్టొచ్చు, ఆగకుండా వరసగా రావొచ్చు కూడా. లైసెన్స్ కాపాడుకున్నాననుకున్న షాపువాడి భయం అక్కడ ఒక పసివాడి ప్రాణం మీదికి తెచ్చినట్టే.

లెక్క తప్పితే జైలు దాకా ఎందుకు వెళ్తుంది

మామూలు మందు చిట్టీ లేకుండా అమ్మితే లైసెన్స్ సస్పెండ్ కావొచ్చు, రద్దు కావొచ్చు. ఎన్‌ఆర్‌ఎక్స్ మందు లెక్క లేకుండా దొరికితే కథ వేరు. డ్రగ్స్ చట్టం వర్తిస్తుంది కాబట్టి ఎన్‌డీపీఎస్ వర్తించదనే వాదన ఒకప్పుడు కోర్టుల్లో నడిచేది. 2018లో పంజాబ్ ప్రభుత్వం, రాకేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనకు తెర దించింది. అనుమతి, పత్రాలు లేకుండా ఇలాంటి మందులు పెద్దఎత్తున దగ్గర పెట్టుకుంటే ఎన్‌డీపీఎస్ కింద కేసు నడవొచ్చని చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను కూడా ఈ చట్టం కిందికి తెచ్చారు.

ఎన్‌డీపీఎస్‌లో శిక్ష పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఆల్ప్రజోలం 5 గ్రాముల దాకా చిన్న పరిమాణం, ఏడాది దాకా జైలు. 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం, పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా కఠిన జైలు, లక్షకు తగ్గని జరిమానా, బెయిల్ చాలా కష్టం. 100 గ్రాముల ఆల్ప్రజోలం అంటే వినడానికి ఏదో ముఠా వ్యవహారంలా ఉంటుంది. 0.5 మిల్లీగ్రాముల గోలీల్లో శుద్ధమైన మందు మాత్రమే కొలిస్తే 100 గ్రాములకు రెండు లక్షల గోలీలు కావాలి. కానీ 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు కలిపిన పొడితో సహా మొత్తం బరువు తీసుకోవాలంది. గోలీలో మందు అర మిల్లీగ్రామే, మిగిలినదంతా పిండి, చక్కెర లాంటి నింపుడు సరుకు. ఒక్కో గోలీ 150 మిల్లీగ్రాములు తూగుతుందనుకుంటే, పదిహేనేసి గోలీలున్న 45 షీట్లు 100 గ్రాములు దాటతాయి. చెప్పుల డబ్బాలో పట్టే సరుకు అది. అందులో అసలు మందు గ్రాములో మూడో వంతు.

లైసెన్స్ ఉన్న షాపులో, హోల్‌సేల్ బిల్లుతో వచ్చి, స్టాకు పుస్తకంలో ఎక్కిన 45 షీట్లు నేరం కాదు. అవే 45 షీట్లు బిల్లు లేకుండా ఇంకో చోట దొరికితే పదేళ్ల ప్రశ్న. రెండిటికీ మధ్య ఉన్నది కాగితమే. అందుకే షాపుల మధ్య అప్పులు నన్ను కలవరపెడతాయి. "అన్నా, ఐదు షీట్లు పంపు, సరుకు రాగానే ఇచ్చేస్తా" అని పక్క షాపు నుంచి కబురొస్తుంది. మన బజార్లలో ఇది స్నేహధర్మం. పారాసిటమాల్ అయినా నిజానికి ఇంకో వ్యాపారికి ఇవ్వడానికి హోల్‌సేల్ లైసెన్స్ కావాలి. ఎన్‌ఆర్‌ఎక్స్ మందైతే ఆ ఐదు షీట్లు మన పుస్తకంలో ఏ రోగి పేరు మీదా ఉండవు, వాళ్ల పుస్తకంలో ఏ బిల్లు మీదా ఉండవు. ఆ షాపు గోదావరి దాటి అవతల ఉంటే రెండు రాష్ట్రాల అధికారులకు జవాబు చెప్పుకోవాలి.

కోడీన్ దగ్గు మందు కూడా ఇదే దారిలో చిక్కు పెడుతుంది. తక్కువ గాఢతలో, మరో మందుతో కలిసి, వైద్యంలో వాడుకలో ఉన్న కోడీన్ మిశ్రమాలకు ఎన్‌డీపీఎస్ నుంచి మినహాయింపుంది. 5 మిల్లీలీటర్లకు 10 మిల్లీగ్రాముల కోడీన్ ఉన్న సిరప్ ఆ హద్దులోనే ఉంటుంది. అయితే ఆ మినహాయింపు వైద్యానికే. పత్రాలు లేకుండా లారీలో వేల సీసాలు తరలిస్తూ దొరికిన అస్సాం కేసులో, అది వైద్యం కోసమని చూపలేనివాళ్లకు మినహాయింపు అడిగే హక్కు లేదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. సిరప్ షెడ్యూల్ హెచ్1లో ఉంది కాబట్టి షాపులో ఎలాగూ చిట్టీ, రిజిస్టర్ తప్పవు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు కోడీన్ అసలు వద్దు. కొందరి ఒంట్లో అది చాలా వేగంగా మార్ఫిన్‌గా మారి ఊపిరి ఆపేస్తుంది.

రోగుల వైపు నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇంకొకటి: మూడు నెలల గోలీలు కొని రైల్లో తీసుకెళ్తే పోలీసులు పట్టుకుంటారా? ఎన్‌డీపీఎస్ రూల్స్‌లో 66వది దీనికి సూటిగా జవాబిస్తుంది. తన వైద్య అవసరానికి మనిషి ఇలాంటి మనోవైద్య మందులు ఒకసారికి 100 మోతాదుల దాకా దగ్గర ఉంచుకోవచ్చు. దీర్ఘకాలం వాడాలని డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే 300 దాకా ఉంచుకోవచ్చు. చిట్టీ, బిల్లు గోలీలతో పాటే సంచిలో ఉంటే భయపడాల్సింది లేదు. గోలీలను షీట్ లోంచి తీసి ప్లాస్టిక్ డబ్బాలో పోసుకెళ్లొద్దు. డబ్బాలోని తెల్ల గోలీకి పేరుండదు, బ్యాచ్ నంబరుండదు, అది మీదని చెప్పే సాక్ష్యం ఉండదు.

కల్లు మానినవాడు షాపుకొస్తే

ఈ సరిహద్దులో ఆల్ప్రజోలం గురించి రాస్తూ కల్లు గురించి రాయకపోతే అసలు సంగతి వదిలేసినట్టే. చెట్టు కల్లు చాలని చోట నీళ్లు, శాక్రిన్ కలిపి, మత్తు కోసం ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపే దుర్మార్గం తెలంగాణలో ఏళ్లుగా ఉంది. నిజామాబాద్, కామారెడ్డి వైపు ఊళ్ల నుంచి సరిహద్దు దాటి కూలికి వచ్చేవాళ్లు, ఇటు నుంచి అటు పోయేవాళ్లు దాన్నే తాగుతారు. వాళ్లలో చాలామందికి తాము రోజూ నిద్రమాత్ర మింగుతున్నామని తెలియదు. తాము కల్లు మాత్రమే తాగుతున్నామనుకుంటారు.

అధికారులు దాడులు చేసి కల్తీ కల్లు ఆపినప్పుడు అసలు రోగం బయటపడుతుంది. 2015లో తెలంగాణలో కల్తీ మీద కఠినంగా వ్యవహరించినప్పుడు వణుకు, పిచ్చి చూపులు, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకు చేరారు. కారణం ఇది. రోజూ అందుతున్న ఆల్ప్రజోలానికి మెదడు అలవాటు పడి, దాని బ్రేకులు తనంతట తాను వేసుకోవడం తగ్గించుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగితే పట్టుకునే బ్రేకు లేదు. ఒకటి రెండు రోజుల్లో నిద్ర పోతుంది, చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు. ఆల్ప్రజోలం ఒంట్లోంచి త్వరగా పోయే మందు కావడం వల్ల ఈ దెబ్బ త్వరగా, గట్టిగా తగులుతుంది.

అప్పుడు ఇంట్లోవాళ్లు మెడికల్ షాపుకొస్తారు. "అన్నా, మా బాపుకు నిద్ర పడ్తలేదు, చేతులు వణుకుతున్నయి, ఏదన్న గోలీ ఇయ్యి" అంటాడు కొడుకు. చిట్టీ ఉండదు. ఇక్కడ నియమం, దయ రెండూ ఒకదానికొకటి ఎదురు నిలబడ్డట్టు అనిపిస్తుంది. నాలుగు గోలీలిస్తే ఈ రాత్రి గడుస్తుంది కదా అని మనసు లాగుతుంది. గడవదు. ఆయన ఒంటికి రోజూ ఎంత మందు అందుతోందో కొడుక్కీ తెలియదు, నాకూ తెలియదు. తక్కువైతే ఫిట్స్ ఆగవు. ఎక్కువై, పైన మళ్లీ కల్లో సారాయో పడితే ఊపిరి మందగిస్తుంది. ఈ మనిషికి కావాల్సింది డాక్టర్ కళ్ల ముందు, సాధారణంగా డయాజిపాం లాంటి నెమ్మదిగా పోయే మందుకు మార్చి, రోజులు వారాల మీద మెల్లగా తగ్గించే వైద్యం.

కానీ "చిట్టీ లేదు, పో" అని పంపేయడం నా దృష్టిలో వృత్తిద్రోహం. కొడుకును కూర్చోబెట్టి అడగాలి: కల్లు ఎప్పుడు ఆగింది, ఫిట్స్ వచ్చాయా, మాట తడబడుతోందా, మనుషుల్ని గుర్తుపడుతున్నాడా? ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయించాలి. లేకపోతే ధర్మాబాద్ గ్రామీణ రుగ్ణాలయానికో, అక్కడి నుంచి నాందేడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికో పంపాలి. వెళ్లేటప్పుడు డాక్టర్‌కు "కల్లు ఆగింది" అని ఒక్క మాట తప్పకుండా చెప్పమనాలి. ఆ మాట చెప్పకపోతే జ్వరమో మెదడు వ్యాధో అనుకుని గంటలు వృథా కావొచ్చు. కేసవుతుందని భయపడి కుటుంబాలు ఈ మాట దాస్తాయి. మత్తుకు అలవాటు పడిన మనిషి, అతని మీదున్నది వాడకానికో చిన్న పరిమాణానికో సంబంధించిన అభియోగమే అయితే, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో తనంతట తాను చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది ఎన్‌డీపీఎస్ 64ఎ సెక్షన్. వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది. మానసిక వైద్య సలహాకు టెలీమానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ రెండు నంబర్లు కౌంటర్ అద్దం మీద అంటించి పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చిట్టీ ఉన్న రోగికి కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఆల్ప్రజోలం షీట్ ఇస్తున్నప్పుడు చెప్పాల్సినవి కౌంటర్ మీదే చెప్పాలి: కల్లు, మద్యం వద్దు, వేసుకున్నాక బండి నడపొద్దు, డాక్టర్‌ను అడగకుండా ఒక్కసారిగా ఆపొద్దు. అదే రోగి ట్రమడాల్ కూడా వాడుతుంటే ఒక్క క్షణం ఆగి డాక్టర్‌కు ఫోన్ చేయాలి. నల్లమందు జాతి మందూ నిద్రమాత్రా కలిస్తే ఊపిరి తగ్గే ప్రమాదం చాలా ఎక్కువ. తెలుగువాడికి తెలుగులో, మరాఠీవాడికి మరాఠీలో చెప్పగలగడం ఈ ఊళ్లలో ఫార్మసిస్ట్‌కు ఉండాల్సిన అర్హత.

మార్ఫిన్: భయం చేసిన చేటు

నియంత్రణ అంటే నిషేధం అనుకుంటే ఏమవుతుందో తీవ్రమైన నొప్పికి ఇచ్చే నల్లమందు జాతి మందు మార్ఫిన్ చరిత్ర మన దేశంలో చూపిస్తుంది. లైసెన్స్ కింద నల్లమందు పండించే దేశం మనది. నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. అయినా 1985 చట్టం తర్వాత ఇక్కడి క్యాన్సర్ రోగులకు మార్ఫిన్ దాదాపు అందకుండా పోయింది. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూలు, నాలుగైదు లైసెన్సులు, చిన్న లెక్క తేడా వచ్చినా పదేళ్ల శిక్ష భయం. డాక్టర్లు రాయడం మానేశారు, షాపులు పెట్టుకోవడం మానేశాయి. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన స్థాపించిన పాలియం ఇండియా సంస్థ, ఇంకా ఎందరో ఏళ్ల తరబడి పోరాడాక 2014లో చట్టం మారింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్‌లను అత్యావశ్యక నార్కోటిక్ మందులుగా గుర్తించి, దేశమంతటికీ ఒకే రూలు పెట్టారు. రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్ గుర్తింపు పొందిన వైద్య సంస్థ, శిక్షణ పొందిన డాక్టర్ ఉంటే వేరువేరు లైసెన్సుల కోసం తిరగాల్సిన పని లేదు.

చట్టం మారి ఇన్నేళ్లయినా ఊళ్లలో భయం పోలేదు. నోటి క్యాన్సర్‌తో బాధపడే మనిషికి పారాసిటమాల్, ట్రమడాల్ దాటి ఏమీ లేదని చెప్పి ఇంటికి పంపేస్తుంటారు. మార్ఫిన్ మామూలు మెడికల్ షాపులో దొరకదు, నిజమే. కానీ ఎక్కడ దొరుకుతుందో చెప్పడం షాపువాడి చేతిలో ఉంది. నిజామాబాద్ వైపు వెళ్లగలిగినవాళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స గురించి అడగాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో అందుకోసమే విభాగం ఉంది. మార్ఫిన్ గోలీ సాధారణంగా నాలుగు గంటలకొకసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి వేయాలి. దానితో పాటు మలబద్ధకానికి మందు తప్పనిసరిగా ఉండాలి. నొప్పికి సరైన మోతాదులో వాడే క్యాన్సర్ రోగి వ్యసనపరుడవుతాడన్న భయం చాలావరకు నిరాధారం. ఆ భయంతో రెండు గోలీల బదులు ఒకటే వేసి, రాత్రంతా పక్కన కూర్చుని ఏడ్చే కుటుంబాలు ఉన్నాయి.

మార్ఫిన్ తీసుకుని రాష్ట్రం దాటి ఇంటికి వస్తున్నప్పుడు ఆసుపత్రి ఇచ్చిన కార్డు, చిట్టీ, ఇచ్చిన గోలీల సంఖ్య రాసిన కాగితం దగ్గర ఉంచుకోవాలి. ఇంట్లో దాన్ని పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టి, వేసిన ప్రతిసారీ కార్డు మీద సమయం రాయాలి. ఆ రాత వల్ల తర్వాతిసారి డాక్టర్‌కు మోతాదు పెంచాలో తగ్గించాలో తెలుస్తుంది. రోగి చనిపోయాక మిగిలిన గోలీలను ఇంకొకరి నొప్పికి ఇవ్వొద్దు, చెత్తలో పారేయొద్దు. అలవాటు లేని ఒంటికి ఆ మోతాదే ప్రాణాంతకం కావొచ్చు. మందు ఇచ్చిన ఆసుపత్రికే తీసుకెళ్లి, ఎన్ని మిగిలాయో కార్డు మీద రాయించి అప్పగించాలి.